నూనె పుక్కిలిస్తే పుచ్చు పూడుతుందా?

పళ్ల డాక్టరమ్మ జవాబులు

పోయిన నెల ఈ పేజీలో పంటినొప్పికి లవంగ నూనె గురించి రెండు వాక్యాలు రాసిన పాపానికి, ఈ నెల ఉత్తరాలన్నీ నూనెల మీదే వచ్చాయి. నువ్వుల నూనె, కొబ్బరి నూనె, వేప నూనె, నీలగిరి తైలం. ఒకాయన ఆముదం గురించి కూడా అడిగారు. నేను గానుగ ఇంటి పిల్లని. పాకాల అవతల మా ఊళ్లో నాన్నకు ఎద్దుగానుగ ఉండేది. నూనె మీద నాకేదో కోపమని మాత్రం అనుకోకండి. అన్నిటికీ చోటు లేదు కాబట్టి కొన్నిటికే రాస్తున్నాను.

చంద్రగిరి నుంచి ఒక తల్లి: డాక్టరమ్మా, మా పాపకు తొమ్మిదేళ్లు. కింది దవడలో వెనక పన్ను నల్లగా పుచ్చింది. రాత్రిళ్లు ఏడుస్తుంది. మా అత్తగారు దూదిలో లవంగ నూనె అద్ది పెడితే పడుకుంటుంది. తిరుపతిలో చూపిస్తే ఫిల్లింగ్ చెయ్యాలన్నారు. పాలపన్నే కదా, ఎలాగూ ఊడేదానికి అంత ఖర్చెందుకని మావారంటారు. లవంగ నూనె, కొబ్బరి నూనె, వేప నూనె కలిపి రోజూ పుక్కిలిస్తే పళ్లను పుచ్చబెట్టే బ్యాక్టీరియా మొత్తం చచ్చిపోతుందని, పుచ్చు దానంతటదే పూడుకుంటుందని ఫోన్‌లో ఒక వీడియో చూశాను. చేయించమంటారా?

అమ్మా, ముందు ఒక పని చెయ్యండి. పాపను పగటిపూట వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టి నోరు తెరవమనండి. కింది పళ్ల మధ్యగీత దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కపెట్టండి. పుచ్చింది ఆరో పన్ను అయితే అది పాలపన్ను కాదు. ఆరేళ్లు నిండే వేళకు, పాల దవడపళ్లు ఒక్కటీ ఊడకుండానే, వాటి వెనక సద్దు లేకుండా వచ్చి నిలబడే పన్ను అది. ఏదీ ఊడలేదు కాబట్టి కొత్తది వచ్చిందని ఇంట్లో ఎవరికీ తెలియదు. నా దగ్గరికి వచ్చే తల్లుల్లో సగానికి సగం మంది దాన్ని పాలపన్నే అనుకుంటారు. అది పోతే మళ్లీ రాదు. నాలుగోదో ఐదోదో అయితే పాలపన్నే, కానీ అవి కూడా పది పన్నెండేళ్ల దాకా నోట్లో ఉండాల్సినవి. రాత్రి నిద్రలేపేంత నొప్పి వస్తోందంటే ఏ పన్నయినా అలా వదిలెయ్యకూడదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, 1972లో నాకూ తొమ్మిదేళ్లే. నువ్వులు ఆడేటప్పుడు నూనె బాగా దిగాలని నాన్న గానుగలో తాటిబెల్లం వేసేవారు. నూనె దిగాక మిగిలే తెలగపిండి వేడివేడిగా, తియ్యగా ఉండేది. బడి నుంచి వచ్చీ రాగానే పిడికెడు గౌను జేబులో పోసుకుని, దీపాలు పెట్టేదాకా నములుతూ తిరిగేదాన్ని. పళ్ల మీద గుంటల్లో మెత్తగా అతుక్కుపోయేది. ఎడమ వైపు ఆరేళ్ల పన్ను పుచ్చింది. మా అవ్వ లవంగం నూరి పెట్టేది. నొప్పి తగ్గగానే నేను ఆటకు పోయేదాన్ని. మళ్లీ నొప్పి, మళ్లీ లవంగం. అలా ఏడాది గడిచింది. చివరికి చెంప వాచిపోతే, సంతలో పళ్లు పీకే ఒకాయన ముందు కూర్చోబెట్టారు. ఆ పన్ను వెనక వచ్చిన పన్ను ఆ ఖాళీలోకి ఒరిగిపోయింది. ఇప్పటికీ ఎడమ పక్కతో నిప్పట్టు కొరకలేను. ఇంటి నిండా నూనె ఉన్న పిల్ల సంగతి ఇది!

ఇక వీడియో సంగతి. అందులో అంతా అబద్ధమే అంటే అది కూడా అబద్ధమే అవుతుంది. పళ్లను పుచ్చబెట్టే వాటిలో ముఖ్యమైన బ్యాక్టీరియా పేరు స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్. 1924లో లండన్‌లో క్లార్క్ అనే ఆయన దాన్ని పుచ్చుపళ్లలోంచి వేరుచేసి పేరు పెట్టారు. దాని పని రెండు రకాలు. మనం తిన్న చక్కెరను తిని ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లం పంటి పైపొరలోని సున్నాన్ని కరిగిస్తుంది. అదే చక్కెరతో బంకలాంటి పదార్థం కూడా తయారుచేసుకుని, ఆ బంకతో పంటికి అతుక్కుంటుంది. పొద్దున్నే గోరుతో పంటిని గీకితే తెల్లగా వచ్చే పాచి ఉంది చూశారా, ఆ బంకలో కాపురముంటున్న బ్యాక్టీరియానే అది.

లవంగ నూనెలో ఎక్కువ భాగం యూజినాల్ అనే ఘాటు పదార్థం. గాజు పళ్లెంలో పెంచిన మ్యూటాన్స్ మీద దాన్ని వేస్తే బ్యాక్టీరియా పైపొర చితికిపోయి చచ్చిపోతుంది. దాల్చిన చెక్క నూనె, వాము నూనె కూడా అలాంటివే. ప్రయోగశాలలో చాలాసార్లు తేలిన మాటే ఇది. అయితే గాజు పళ్లెంలో బ్యాక్టీరియాకు దాక్కునే చోటు లేదు, నూనెను కడిగేసే లాలాజలమూ లేదు. నోట్లో రెండూ ఉన్నాయి. పాచి అడుగున ఉన్నవాటి దాకా నూనె దిగేలోపే లాలాజలం దాన్ని పలుచన చేసేస్తుంది. అప్పటికే పుచ్చిన గుంట అడుగున, మెత్తబడిన పంటిలోపల దూరి ఉన్నవాటి సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఒకవేళ అన్నీ చచ్చాయనే అనుకుందాం. గుంట గుంటే కదా! దొంగ పోయినంత మాత్రాన గోడకు పెట్టిన కన్నం పూడదు.

ఆ వీడియోలో ఇంకో తికమక ఉంది. నూనెలన్నీ ఒక జాతి కావు. తెల్ల కాయితం మీద ఒక చుక్క కొబ్బరి నూనె, పక్కనే ఒక చుక్క లవంగ నూనె వేసి కొన్ని రోజులు ఉంచి చూడండి. కొబ్బరి నూనె మరక అలాగే జిడ్డుగా ఉంటుంది. లవంగ నూనె మరక చాలావరకు ఆరిపోతుంది. మొదటిది గానుగలో పిండింది, కొవ్వు. రెండోది ఆవిరి పట్టి దింపిన తైలం, గాఢమైన మందు. కొవ్వుతో పుక్కిలించవచ్చు. తైలంతో అలా చెయ్యకూడదు.

కొబ్బరి నూనె పంటి క్రిముల్ని చంపుతుందని 2012లో ఐర్లండ్ నుంచి వచ్చిన వార్తను మాత్రం అందరూ వాడేసుకున్నారు. అథ్లోన్‌లోని శాస్త్రవేత్తలు కొబ్బరి నూనెను ముందు ఎంజైములతో అరిగించారు, మన కడుపులో అన్నం అరిగినట్టు. అలా అరిగించిన నూనె మ్యూటాన్స్‌ను అడ్డుకుంది. సీసాలోంచి తీసిన మామూలు నూనె అడ్డుకోలేదు. వార్తలో ఆ రెండో సగం వీడియోల దాకా రాలేదు.

మరి లవంగ నూనె పెడితే పాప ఎందుకు పడుకుంటోంది? యూజినాల్ నరాన్ని మొద్దుబారుస్తుంది కాబట్టి. మేమూ వాడతాం. జింక్ ఆక్సైడ్ పొడిలో యూజినాల్ కలిపి తాత్కాలికంగా గుంట పూడుస్తాం. పళ్ల డాక్టరు గదిలోకి అడుగుపెట్టగానే వచ్చే ఘాటు వాసన చాలావరకు దాందే. నొప్పి ఆగితే పుచ్చు ఆగిందని మా అవ్వ అనుకుంది. మీ అత్తగారూ అదే అనుకుంటున్నారు. ఆవిడ చేసింది తప్పని నేననను, డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా ఒకటి రెండు రాత్రులు గడపడానికి పనికొస్తుంది. కానీ జాగ్రత్తగా పెట్టాలి. దూది మినపగింజంత. దాని మీద ఒకే చుక్క. నాలుగు చుక్కల కొబ్బరి నూనెలో కలిపి పలుచన చేస్తే ఇంకా మంచిది. వేళ్లతో పిండేసి, గుంటలో మాత్రమే పెట్టాలి, చిగురుకు తగలకూడదు. మొన్న సంక్రాంతికి ముందు ఒక అబ్బాయి వచ్చాడు. తడిసి ముద్దయిన దూదిని రాత్రంతా బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకుని పడుకున్నాడట. చిగురు మీద రూపాయి బిళ్లంత మేర తెల్లగా ఉడికిన తోలులా ఉంది. పట్టకారుతో ముట్టుకుంటే పొరలా లేచి వచ్చింది. పంటినొప్పికి వచ్చినవాడు వారం రోజులు చిగురు మంటకు మందు వేసుకున్నాడు.

సీసా పిల్లలకు అందనివ్వకండి. చిన్నపిల్లలు ఒక టీస్పూను లవంగ నూనె మింగినా ఫిట్స్ రావచ్చు, కాలేయం దెబ్బతినవచ్చు. నీలగిరి తైలం, కర్పూరం కూడా అంతే. తీర్థంలో చిటికెడు పచ్చకర్పూరం వేస్తున్నారు కదా అని హారతి కర్పూరం నూనెలో కరిగించి పిల్లల పంటికి పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. వేప నూనె సంగతి కింద పుత్తూరు పెద్దాయనకు రాశాను, చదవండి.

ఈ వారంలోనే పాపను తీసుకెళ్లండి. రాత్రి నొప్పి వస్తోందంటే పుచ్చు నరం దగ్గరికి చేరినట్టుంది, ఒక్క ఫిల్లింగ్‌తో సరిపోతుందో లేదో ఎక్స్‌రే తీస్తే గానీ తెలియదు. ఖర్చు టెన్షన్ అయితే ప్రభుత్వాసుపత్రి దంత విభాగంలో చూపించండి. చెంప వాచినా, జ్వరం వచ్చినా మాత్రం ఆ రోజే పరుగెత్తాలి. మీవారికి ఈ పేజీ చూపిస్తానంటారా, చూపించండి. పన్ను లెక్కపెట్టే పని కూడా ఆయనకే అప్పజెప్పండి.

పుత్తూరు నుంచి ఒక పెద్దాయన, 71 ఏళ్లు: నేను పుట్టినప్పటినుంచీ వేపపుల్ల, అది దొరక్కపోతే కానుగపుల్ల. బ్రష్ ముట్టలేదు. ఇప్పుడు మావాడు నువ్వుల నూనె, వేప నూనె రెండూ తెచ్చిపెట్టి రోజూ ఇరవై నిమిషాలు పుక్కిలించమంటున్నాడు. దేంతో చెయ్యమంటారు? అసలు చెయ్యాలా?

అయ్యా, వేప నూనెను పక్కన పెట్టెయ్యండి. వేపపుల్ల వేరు, వేప నూనె వేరు. పుల్లలో వగరు, చేదు, పీచు ఉంటాయి. గింజల నుంచి తీసిన నూనె లోపలికి పోతే మంచిది కాదు. పసిపిల్లలకు ఒకటి రెండు చెంచాలు పట్టించి, వాంతులు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి తెచ్చుకున్న సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఇంట్లో మనవళ్లుంటే సీసాను మొక్కల మందుల పక్కన పెట్టించండి, దాని చోటు అక్కడే.

నువ్వుల నూనె మాత్రం మనకు పాత చుట్టమే. చరక సంహితలోనే ఉంది. ఆయుర్వేదంలో దీనికి రెండు పేర్లు. నోరు కదలనంత నిండుగా పట్టి ఉంచితే గండూషం, తక్కువ పోసుకుని అటూ ఇటూ తిప్పితే కబళం. 1990లలో ఆయిల్ పుల్లింగ్ పేరుతో మన పత్రికల్లో ఒక గాలి వీచింది. కీళ్లనొప్పుల నుంచి షుగర్ దాకా అన్నిటికీ అదే మందన్నారు. మా నాన్న గానుగ అప్పటికే మూతపడింది, లేకుంటే ఆ రెండేళ్లలో మేడ కట్టేవారు!

పళ్ల వరకు మాట్లాడితే, 2008లో చెన్నై పరిశోధకులు ఇరవై మంది అబ్బాయిలను రెండు జట్లు చేసి ఒక జట్టుకు నువ్వుల నూనె, ఇంకో జట్టుకు క్లోర్‌హెక్సిడిన్ అనే మందు నీళ్లు ఇచ్చి రెండు వారాలు పుక్కిలింపజేశారు. రెండు జట్లలోనూ మ్యూటాన్స్ తగ్గింది. మందు నీళ్ల జట్టులో తొందరగా తగ్గింది. అంటే నూనెకు ఎంతో కొంత పనుంది. చిక్కటి నూనె పళ్ల సందుల్లో అటూ ఇటూ పోవడం వల్ల పాచి కొంత వదులుతుంది. కానీ ఇరవై మంది, పద్నాలుగు రోజులు. పుచ్చు రావడానికి నెలలూ ఏళ్లూ పడుతుంది. క్రిములు తగ్గడం, పుచ్చు ఆగడం ఒకటే అని అక్కడి నుంచి గెంతలేం.

మీకు ఇష్టమైతే చెయ్యండి. ఒక చెంచా చాలు, ఇరవై నిమిషాలు అక్కర్లేదు, దవడ నొప్పి పుట్టకముందే ఆపెయ్యండి. మింగకండి. గొంతు వెనక్కి తీసుకుని గరగరలాడించకండి. మీ వయసులో పొరబోతే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలా నూనె చేరి న్యుమోనియా వచ్చినవాళ్లున్నారు. పడుకుని అసలే చెయ్యకూడదు.

వేపపుల్ల మానమని మిమ్మల్ని అడిగే ధైర్యం నాకు లేదు. డెబ్బై ఒక్కేళ్లు కాపాడింది. కాకపోతే ఆ వయసుకు చిగుళ్లు కిందికి జారి పంటి వేరు కొంచెం బయటపడుతుంది. వేరుకు ఎనామిల్ కవచం ఉండదు, సులువుగా పుచ్చుతుంది. పుల్ల దాన్ని కాపాడలేదు సరికదా, అడ్డంగా గట్టిగా రుద్దితే అరగదీస్తుంది. కాబట్టి పొద్దున మీ పుల్ల మీరు వేసుకోండి, కుంచెలా బాగా నమిలి నిలువుగా తోమండి. రాత్రి పడుకునేముందు మాత్రం నా మాట విని మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు. పెట్టె మీద 1000 పీపీఎం అని ఉంటుంది, మనవణ్ణి చూడమనండి. కరుగుతున్న పంటిలోకి సున్నం మళ్లీ చేరడానికి ఫ్లోరైడ్ తోడ్పడుతుంది. ఆ పని ఏ నూనే చెయ్యలేదు.

చిత్తూరు బెల్లం మండీ నుంచి ఒక గుమాస్తా: చక్కెర తింటేనే పళ్లు పుచ్చుతాయి, బెల్లానికి ఏం కాదంటారు. నేను ఇరవై ఏళ్లుగా బెల్లమే. అయినా నాలుగు పళ్లు పోయాయి. రోజూ కొబ్బరి నూనె పుక్కిలిస్తున్నాను కూడా.

తమ్ముడూ, బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరలో ఉండే సుక్రోజే. ఇనుమూ గినుమూ కాస్త ఉంటే ఉండనీ, మ్యూటాన్స్‌కు రంగుతో పనిలేదు. పైగా బెల్లం పంటికి అతుక్కుంటుంది.

మీ అసలు సంగతి తినే బెల్లంలో లేదు, రుచి చూసే బెల్లంలో ఉంది. లాటు వచ్చిన ప్రతిసారీ చిన్న ముక్క విరిచి నాలుక మీద వేసుకుంటారు, అవునా? ఉప్పగా ఉందా, పాకం ముదిరిందా చూడాలి కదా. సీజన్‌లో పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఎన్నిసార్లో మీరే లెక్కపెట్టుకోండి. తీపి నోట్లో పడిన కొద్ది నిమిషాల్లోనే పాచిలో ఆమ్లం పెరుగుతుంది. ఆమ్లాన్ని కొలిచే అంకెను పీహెచ్ అంటారు, ఆమ్లం పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. ఆ పీహెచ్ ఐదున్నర కంటే కిందికి దిగితే పంటి పైపొర ఎనామిల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్లీ సర్దడానికి అరగంట నుంచి గంట పడుతుంది. మీరు పావుగంటకోసారి ఇంకో ముక్క వేసుకుంటున్నారు. పాపం, లాలాజలానికి ఊపిరి తీసుకునే సందేదీ? ఒకేసారి పావుకిలో తిన్నవాడి పళ్ల కంటే మీ పళ్లకే ముప్పు ఎక్కువ. నా తెలగపిండి కథా ఇదే.

ఉద్యోగం మానమనను. లాట్లన్నీ వరసగా ఒక విడతలో చూసెయ్యండి. ముక్క బుగ్గన పెట్టుకోకుండా ఉమ్మేసి, వెంటనే నీళ్లతో నోరు గట్టిగా పుక్కిలించండి. ఆపైన నాలుగు చెనిక్కాయలు నమిలితే లాలాజలం బాగా ఊరుతుంది. కొబ్బరి నూనె మానినా నష్టం లేదు. మిగిలిన పళ్లు ఒకసారి చూపించుకోండి.

పలమనేరు దగ్గరి పల్లె నుంచి: మా ఊరికి వచ్చినాయన వాకుడు గింజలు నూనెలో కలిపి నిప్పుల మీద వేసి, ఆ పొగ నోటికి పట్టించి పంటి పురుగులు తీశాడు. నీళ్ల గిన్నెలో తెల్లగా పడ్డాయి, కళ్లారా చూశాను.

మీరు చూసింది నిజమే, పురుగులే కావు. ఆ గింజలోపల మొలక చుట్టుకుని ఉంటుంది. వేడికి గింజ పగిలి అది తెల్లగా బయటపడుతుంది. పన్ను నొప్పిలేని మనిషిని కూర్చోబెట్టినా, ఎవరినీ కూర్చోబెట్టకపోయినా అన్నే పడతాయి. ఈసారి ఆయన వస్తే ఖాళీ కుండ మీద పట్టించమని అడిగి చూడండి.

తిరుపతి హాస్టల్ విద్యార్థిని: కొన్న మౌత్‌వాష్‌కు బదులు రూములోనే నూనెలతో చేసుకోవచ్చా?

వద్దమ్మా. మొక్కల తైలాలతో చేసిన మౌత్‌వాష్ కొత్తదేం కాదు, లిస్టరిన్ 1879 నుంచీ ఉంది. అందులో థైమాల్, నీలగిరి తైలంలో ఉండే యూకలిప్టాల్, పుదీనా నుంచి వచ్చే మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ ఉంటాయి. థైమాల్ అంటే మన వాము పువ్వే, పచారీ కొట్టులో గాజు ముక్కల్లా ఉండేది. అవన్నీ కొలత ప్రకారం, నీళ్లలో కలిసేలా చేస్తారు. నువ్వు గ్లాసు నీళ్లలో చుక్కలు వేస్తే తైలం కలవదు, పైన తేలుతుంది, మొదటి గుక్కకే నాలుక కాలుతుంది. రాత్రి బ్రష్ చేసుకునే అమ్మాయివైతే అసలు ఏ మౌత్‌వాషూ అక్కర్లేదు. ఆ డబ్బుతో రెండు మంచి బ్రష్‌లు కొనుక్కో.

కోర్లగుంటలో అద్దెకుంటున్న ఒకావిడ: నేను కొబ్బరి నూనె పుక్కిలించి సింకులో ఉమ్ముతానని ఇంటి ఓనరమ్మ గొడవ. దీనికీ పళ్లకూ సంబంధం లేదనుకోండి, మీరే చెప్పండి.

ఓనరమ్మదే న్యాయం. కొబ్బరి నూనె ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మార్గశిరంలో తిరుపతిలో తెల్లవారుజామున అంతకంటే చల్లగానే ఉంటుంది. పైపులో తెల్లగా పేరుకుపోయి మూసుకుపోతుంది. పాత పేపరు ముక్కలో ఉమ్మి చెత్తబుట్టలో వెయ్యండి. ప్లంబరు ఖర్చు ఈసారికి చెరిసగం పెట్టుకోండి.